విహారయాత్రకు ఏ చెప్పులు?

మన శోళవరం నుంచి మద్రాసు దాటి ఈసీఆర్ మీదున్న వీజీపీ, ఎంజీఎం లాంటి పార్కులకు పోతే సాయంత్రం దాకా నడకే. రైడ్ మీద కూర్చునేది కాసేపు, వరుసలో నిలబడేది చాలాసేపు. అందుకని పిల్లలూ, యాత్ర కోసమని కొత్త చెప్పులు అడగకండి. కొత్తవి మడమ దగ్గర ఒరుసుకొని మధ్యాహ్నానికే బొబ్బ లేస్తుంది. ఆపైన ఏ రైడూ రుచించదు. కాలికి అలవాటైన, వెనక పట్టీ ఉన్న పాత శాండిలే మేలు.

హవాయి చెప్పులు వద్దు. రైడ్ పైకి లేస్తే ఊడిపోతాయి, తడి నేల మీద జారుతాయి. స్కూలు బూట్లు నీళ్ళాటలో తడిస్తే మర్నాడు బడికి ఆరవు. అవే వేసుకోవాల్సి వస్తే ఇంకో జత సాక్సులు సంచిలో పెట్టుకోండి, తడి సాక్సుతో నడిస్తే బొబ్బలెక్కువ.

తల్లిదండ్రులకు ఒక మాట. కొనక తప్పదంటే సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు కాళ్ళకూ తొడిగి, నిలబెట్టి చూడండి. వేళ్ళ ముందు అరంగుళం చోటుండాలి. "ఎదిగే పిల్లాడు కదా" అని రెండు సైజులు పెద్దవి తీస్తే తట్టుకొని పడతాడు. కొన్నాక వారం రోజులు వీధిలో తొడిగించి తిప్పండి.

బొబ్బ లేస్తే చిదమకండి. కడిగి ప్లాస్టర్ అంటించి టీచరుకు చెప్పండి. చెప్పులు చేత పట్టుకొని వట్టికాళ్ళతో పరుగెత్తకండి, ఎండలో సిమెంటు నేల కాలుతుంది.