చేప పేరు పెట్టుకున్న పాటగాళ్ళు

మా మనవరాలు పోయిన ఏడాది చదువుకని అమెరికా వెళ్ళింది. వెళ్ళిన నెల్లాళ్ళకే ఫోను చేసి, "అమ్మమ్మా! నన్ను కాలేజీ పాటల బృందంలోకి తీసుకున్నారు" అంది, ఎగిరి గంతేసినంత సంబరంగా.

"శ్రుతిపెట్టె నీ సూట్‌కేసులో పెట్టమంటే మీ అమ్మ విందా? బరువంది. ఇప్పుడు చూడు!" అన్నాను.

"శ్రుతిపెట్టె అక్కర్లేదమ్మమ్మా. మా దాంట్లో అసలు వాయిద్యాలే ఉండవు. అన్నీ నోటితోనే."

నాకేమీ బోధపడలేదు. మర్నాడు వీడియో పంపింది. పదిహేనుమంది పిల్లలు అర్ధచంద్రాకారంగా నుంచున్నారు. ఒకమ్మాయి గుండ్రంగా అప్పచ్చిలా ఉన్న చిన్న వస్తువు నోట్లో పెట్టుకుని 'పీ'మని ఊదింది. అంతే, అందరూ అందుకున్నారు. అందుకోవడమంటే మనలాగా ఒకే పాట ఒకే స్వరంలో కాదు సుమండీ. ఇద్దరు పై స్థాయిలో పాట పాడుతుంటే, నలుగురు మధ్యలో 'ఊ' అంటున్నారు, ఇంకో నలుగురు అడుగున 'దూం దూం' అంటున్నారు. చివర్న నుంచున్న కుర్రాడు పెదవులు బిగించి బుస్సు బుస్సుమంటుంటే, పాపం ఈ పిల్లాడికి ఉబ్బసం కాబోలు, కూర్చోపెట్టకూడదా అనుకున్నాను. తీరా చూస్తే అతను డ్రమ్ములట! మన మృదంగం వాళ్ళు జతులు నోటితో చెప్పినట్టే అనుకోండి.

మావారు వెనకనించి తొంగిచూసి, "బాగుందోయ్! కరెంటు పోయినా కచేరీ ఆగదు" అన్నారు.

ఇంతకీ దీన్ని 'ఆ కపెల్లా' అంటారట. ఇటాలియన్ మాట. ప్రార్థనామందిరంలో పాడే పద్ధతిలో అని అర్థం. ఇంతమంది పిల్లలు చదువు మానుకుని (మానుకోలేదంటుంది మా పిల్ల, నేను నమ్మను) నోటితో తబలాలు వాయించడమేమిటి, ఈ పిచ్చి ఎక్కడ పుట్టిందీ అని కూపీ లాగితే బోలెడు కథ బయటపడింది. మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ చదివాను. మీతో చెప్పకపోతే ఊరుకోలేను.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో న్యూహేవెన్ అని ఒక ఊరు. అక్కడ యేల్ విశ్వవిద్యాలయం ఉంది. 1701లో పుట్టింది. దానికా పేరు ఎలా వచ్చిందో తెలుసా? మన చెన్నపట్నం చలవే! ఎలిహు యేల్ అనే ఆయన 1687 నించి 1692 దాకా సెయింట్ జార్జి కోటలో కంపెనీ తరఫున గవర్నరుగిరీ వెలగబెట్టాడు. సొంత వ్యాపారం చేసుకుని బాగా వెనకేశాడు. ఆయన కాలంలో అక్కణ్ణించి బానిసల్ని కూడా ఓడలెక్కించారని రాస్తారు. మంచిపేరు తెచ్చుకున్న పెద్దమనిషేమీ కాదు. తరవాత 1718లో ఆ కాలేజీకి తొమ్మిది మూటల సరుకూ, 417 పుస్తకాలూ, ఇంగ్లండు రాజుగారి పటమూ పంపాడు. ఆ సరుకులో మన మద్రాసు నూలుగుడ్డలూ ఉన్నాయి. అమ్మితే 562 పౌన్లొచ్చాయి. అంతే, కాలేజీకి ఆయన పేరు పెట్టేశారు. ఎవరో నేసిన బట్టలు, ఎవరో అమ్మిన సొమ్ము, పేరు మాత్రం ఆయనది! మన దగ్గర దేవుడి గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కలమీద పేరు రాయించుకున్నట్టు లేదూ?

సరే, పాట సంగతికొస్తాను. ఆ యేల్‌లో 1909లో ఐదుగురు కుర్రాళ్ళు, కాలేజీ గాయక బృందంలో బాగా పాడేవాళ్ళు, వారానికోసారి 'మోరీస్' అనే పానశాలలో చేరి పాడుకునేవాళ్ళు. లూయీ లిండర్ అనే ఆయన దాని యజమాని. సంగీతమంటే చెవి కోసుకునే రకం. వీళ్ళకి ప్రియమైన శ్రోత కూడా ఆయనే. పాడుతూ పాడుతూ, మనకీ ఒక పేరుండాలి కదా అనుకున్నారు.

అంతకుముందు ఏడే, 1908లో, న్యూయార్కులో 'లిటిల్ నీమో' అనే సంగీతనాటకం ఆడింది. పత్రికలో వచ్చే బొమ్మల కథని నాటకం చేశారన్నమాట. సంగీతం విక్టర్ హెర్బర్ట్‌ది. అందులో జోసెఫ్ కాథార్న్ అనే హాస్యనటుడు కోతలు కోస్తూ 'విఫెన్‌పూఫ్' అని లోకంలో లేని ఒక వింత చేప కథ చెప్పేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఆ ఐదుగురిలో డెంటన్ ఫౌలర్ అనే అబ్బాయి ఆ పేరు పట్టుకొచ్చి ఇదే మన పేరన్నాడు. అలా ఆ బృందం 'విఫెన్‌పూఫ్స్' అయింది. ఆకతాయితనంగా పెట్టుకున్న పేరు నూరేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. మా ఇంట్లో ముహూర్తం చూసి పెట్టిన పేర్లు ఒక్కటీ వాడుకలో లేవు. అందరూ చిట్టీలూ, బుజ్జీలూ, నానీలే.

వీళ్ళకి ఒక సొంత పాట ఉంది. దాని కథ ఇంకా తమాషా. కిప్లింగ్ అని, 1865లో మన బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత, బాగా బతికి చెడి మామూలు సిపాయిలుగా చేరిన దొరబిడ్డల మీద ఒక పాట రాశాడు. దారి తప్పిన గొర్రెపిల్లలమయ్యామని వాళ్ళు వాపోతారు. ఈ కాలేజీ కుర్రాళ్ళు దాన్నే మార్చి, పానశాలలో పాడుకునే తమ మీద రాసుకున్నారు. అసలు దాంట్లో నిజం దుఃఖం, వీళ్ళ దాంట్లో తిన్నదరక్క దుఃఖం! కానీ పాట మాత్రం దేశమంతా మారుమోగింది. 1937లో రూడీ వాలీ, 1947లో బింగ్ క్రాస్బీ రికార్డులిచ్చారు. అమెరికన్ సినిమాలకీ, నాటకాలకీ పాటలు కట్టిన కోల్ పోర్టర్ ఉన్నాడే, ఆయన కూడా 1913 నాటి విఫెన్‌పూఫే.

ఏటా పద్నాలుగుమంది. చాలాకాలం ఆఖరి సంవత్సరం విద్యార్థులకే చోటు. తెల్ల టైలు, తోక కోట్లు, తెల్ల చేతిజోళ్ళు. సంగీతం నడిపించే అబ్బాయిని 'పిచ్‌పైప్' అని పిలుస్తారట, ఆ ఊదే వస్తువు పేరుతోనే. ఏడాది తిరిగేసరికి ఈ పద్నాలుగుమందీ వెళ్ళిపోతారు, కొత్త పద్నాలుగుమంది వస్తారు. ఇంట్లో కోడళ్ళు మారినా ఆవకాయ రుచి మారనట్టు, పాట మాత్రం అదే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నేను మా మనవరాల్ని అడిగాను, "మరి ఆడపిల్లలో?"

అదే చెప్పొచ్చేది. యేల్‌లో మొదటి డిగ్రీ చదువుకి ఆడపిల్లల్ని తీసుకున్నదే 1969లో. అప్పటికి ఆ కాలేజీ పుట్టి రెండువందల అరవై ఎనిమిదేళ్ళు! మన ఊళ్ళల్లో అప్పటికి ఆడపిల్లలు కో-ఎడ్యుకేషన్ కాలేజీల్లో వెనక బెంచీల అబ్బాయిల చేత కాగితపు రాకెట్లు వేయించుకుంటూ చదివేస్తూనే ఉన్నారు. ఆడవాళ్ళు అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకోకండి. మసాచుసెట్స్‌లో స్మిత్ కాలేజీ అని ఆడపిల్లల కాలేజీ ఉంది. 1936లోనే అక్కడి పిల్లలు తమ బృందం తాము కట్టుకుని, 'స్మిఫెన్‌పూఫ్స్' అని పేరు పెట్టుకున్నారు. మగపిల్లల చేపని ఆడచేపని చేసేశారు! ఆడపిల్లల బృందాల్లో అదే పాతదంటారు.

యేల్‌లో చేరాక మాత్రం పేచీ మొదలయింది. ఆ మోరీస్ ఉందే, అప్పటికి అది సభ్యుల క్లబ్బు. అందులోకి ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. అక్కడ భోజనం చేస్తూనే కమిటీ సమావేశాలు జరుగుతాయి, ప్రొఫెసర్లతో పరిచయాలవుతాయి. ఆడవాళ్ళు మాత్రం బయట నుంచోవాలి. యేల్ స్త్రీలు ఊరుకోలేదు. ధర్నాకంటే మంచి ఉపాయం ఆలోచించారు. ఆడవాళ్ళని రానివ్వని చోటికి ప్రభుత్వం మద్యం లైసెన్సు ఎలా ఇస్తుందని నిలదీశారు. లైసెన్సుకే ఎసరొచ్చింది. న్యాయం, సమానత్వం అంటే కరగని పెద్దలు మందు దగ్గరికొచ్చేసరికి కరిగారు. 1974లో తలుపులు తెరుచుకున్నాయి. అది చదువుతుంటే నాకు 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అక్కడ సారా మూయించడానికి, ఇక్కడ గుమ్మం తెరిపించడానికి. కీలకం ఎక్కడుందో ఆడవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది లెండి.

1981లో యేల్ ఆఖరి సంవత్సరం అమ్మాయిలు 'విమ్ అండ్ రిథమ్' అని వేరే బృందం పెట్టుకున్నారు. మంచి బృందమే. కానీ పేరూ, పర్యటనలూ, పిలుపులూ ఎక్కువ మగపిల్లలవైపే. అమ్మాయిల్ని చేర్చుకోరేమని ఎవరైనా అడిగితే మగపిల్లలు చెప్పే జవాబు ఒకటే: "మాకు వివక్ష ఏమీ లేదు. మా పాటల కట్టుబాటు మగగొంతులకి తగ్గట్టుంది. ఆడవాళ్ళ గొంతు అంత కిందికి దిగదు."

ఇది చదివి నేను కళ్ళజోడు తీసేసి కాసేపు కూర్చుండిపోయాను.

మా చిన్నప్పుడు బళ్ళో ఆగస్టు పదిహేనుకి ప్రార్థనగీతానికి పదిమంది ఆడపిల్లల్ని ఎంచారు. అందులో నేనూ ఉన్నాను, పొడుగ్గా ఉంటానని వెనక వరసలో. రెండోరోజు మా పాటల టీచరుగారు వేలు చూపించి, "ఆ మగగొంతు ఎవరిది?" అన్నారు. అందరూ నా వంక చూశారు. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు పెదవులు మాత్రం కదుపు అమ్మా, చాలు" అన్నారు మెత్తగా. అలాగే కదిపాను. జెండా ఎగిరింది, చాక్లెట్లు పంచారు. అందరితోపాటు నాకూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నాకు ముళ్ళలాగే ఉంటాయి.

పెళ్ళిచూపుల్లో మా అత్తగారు, "అమ్మాయీ, ఒక పాట పాడు" అన్నారు. మా అమ్మ గబుక్కున అందుకుని, "దానికి జలుబు చేసింది వదినగారూ" అంది. ఆ జలుబు నాకు యాభై ఏళ్ళు తగ్గలేదు. వరలక్ష్మీవ్రతంలో మంగళహారతి అందుకోమంటే పళ్ళెం పట్టుకునే పని నేను పుచ్చుకునేదాన్ని. తెలంగాణలో మా చెల్లెలు కాపరమున్నప్పుడు బతుకమ్మకి వెళితే, అక్కడ వాయిద్యం లేదు, ఉన్నదల్లా చప్పట్లే, వందమంది గొంతులు కలిసి ఆకాశానికి పోతున్నాయి. ఎవరి గొంతు ఎవరిదో తెలియదు కదా అని ఆ ఒక్కనాడు మాత్రం నోరు తెరిచాను.

సరే, నా గొడవకేం గానీ, యేల్‌లో ఈ చర్చ ఏళ్ళ తరబడి నడిచింది. 2018 ఫిబ్రవరిలో మొదటిసారి ఒక అమ్మాయిని విఫెన్‌పూఫ్స్‌లోకి తీసుకున్నారు. నూటతొమ్మిదేళ్ళకి! ఆ అమ్మాయిది టెనర్ గొంతు. అంటే మగవాళ్ళలో పై స్థాయి పాడేవారి శ్రుతి. రెండు బృందాలూ కలిసి మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చాయి. ఆడా మగా అని చూడరు, గొంతు స్థాయి చూస్తారు. కింది స్థాయివాళ్ళు విఫెన్‌పూఫ్స్, పై స్థాయివాళ్ళు విమ్ అండ్ రిథమ్. ఇంత చిన్న విషయం తట్టడానికి ఇంతకాలమా అనిపిస్తుంది. తట్టకపోవడం కాదు, తట్టినా మొదట ఎవరు చెయ్యాలన్నదే చిక్కు.

మన భారతీయుల పిల్లలూ ఏమీ తీసిపోలేదు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1996లో 'పెన్ మసాలా' అని పెట్టారు. హిందీ సినిమా పాటనీ ఇంగ్లీషు పాటనీ కలిపి, తబలా కూడా నోటితోనే వాయించేస్తారు. దక్షిణాసియా వాళ్ళ ఆ కపెల్లా బృందాల్లో అదే మొదటిదట. 2009లో వైట్‌హౌస్ దీపావళికి ఒబామాగారి ముందు పాడారు. 2015లో ఒక హాలీవుడ్ సినిమాలోనూ కనపడ్డారు. అది మగపిల్లల బృందమే అనుకోండి. పేరు మాత్రం మన వంటింటిది!

అసలు సంగతి చెప్పడం మరిచాను. మా మనవరాలిది నా గొంతే. అది చిన్నప్పుడు పాడితే మా అమ్మాయి, "అచ్చం అమ్మ పోలికే, ఏం చేస్తాం" అని నిట్టూర్చేది. సంగీతం మాన్పించి డ్రాయింగులో చేర్పించింది కూడా. అక్కడ కాలేజీలో ఆ గొంతు విని, కింది స్థాయికి ఆడపిల్లలు దొరక్క ఇబ్బంది పడుతున్నామంటూ అప్పటికప్పుడు తీసుకున్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు దాని గొంతు కొంచెం వణికింది. నేను కనిపెట్టనట్టు ఊరుకున్నాను.

పోయిన శుక్రవారం ఫోను చేసింది. దీపావళికి మంగళహారతి ఒకటి వాళ్ళ పద్ధతిలో కట్టాలట. అడుగున మంద్రంలో ఎవరో ఒకరు షడ్జమం పట్టుకుని కదలకుండా ఉంటే తప్ప, పైన తను ఏం పాడుతోందో తనకే తెలియడం లేదట. "అమ్మమ్మా, నువ్వు 'స' పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

"నాకు జలుబే" అన్నాను అలవాటుకొద్దీ.

"ఫర్వాలేదు, పట్టుకో" అంది.

వంటింటి గడప మీద కూచుని పట్టుకున్నాను. మొదట గాలే వచ్చింది. తరవాత గరగర. ఆ తరవాత అది కుదురుకుంది. పైన దాని పాట నడుస్తోంది, కింద నేను ఒక్కచోటే ఉన్నాను. హాల్లో టీవీ చప్పుడు తగ్గింది. మావారు గుమ్మంలో కొచ్చి నుంచుని, పాట అయిపోయేదాకా ఉండి, "శ్రుతిపెట్టె ఎప్పుడు కొన్నావే?" అన్నారు.

ఆదివారం మళ్ళీ ఫోను చేస్తానంది. ఈలోగా రోజూ పావుగంట సాధన చెయ్యమంది.