ఒకే కార్ఖానా, ఇద్దరు పాదుషాలు, ఒక కార్తూస్

మనం తెలుగులో రోజూ వాడే 'తుపాకి' తుర్కీ మాట. అక్కడ 'తుఫెక్' అంటారు. ఉర్దూలో తూటాని 'కార్తూస్' అంటాం, అది పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చిన మాట. 'బారూద్' అయితే అరబ్బుకీ, తుర్కీకీ, ఫార్సీకీ, ఉర్దూకీ ఉమ్మడి ఆస్తి. లఫ్జులే కాదు దోస్తులారా, ఆయుధాలు కూడా ఇలాగే ముల్కులు తిరిగాయి. ఇవాళ చెప్పబోయేది అలా తిరిగిన ఒక రివాల్వర్ దాస్తాన్. జంగ్ కోసం పుట్టి, చివరికి నిషానా షౌక్ ఉన్నవాళ్ల చేతిలో స్థిరపడిన రివాల్వర్ అది.

నిషానేబాజీ తెలియని మనలాంటి వాళ్లం 'ఏ రివాల్వర్ మంచిది?' అని అడుగుతాం. అమెరికాలో తమ తూటాలు తామే ఇంట్లో నింపుకునే పాత ఉస్తాదులు దీనికి సీదాగా జవాబివ్వరు. 'ఏ కార్తూస్ కొట్టాలనుకుంటున్నావు?' అని ఎదురు సవాల్ వేస్తారు. ముందు తూటా తేలాలి, రివాల్వర్ దాని వెనక రావాలి అన్నది వాళ్ల ఉసూల్. ఈ మాటలో ఎంత హకీకత్ ఉందో తెలియాలంటే నూట యాభై ఏళ్ల కింద ఒకే కార్ఖానా దగ్గర కొన్న ఇద్దరు పాదుషాల సౌదా చూడాలి. ఒకరు రష్యా జార్, మరొకరు ఉస్మానియా సుల్తాన్.

కథ 1857లో మొదలవుతుంది. ఆ సంవత్సరం పేరు వింటే మనకు మీరట్ గుర్తొస్తుంది. ఎన్‌ఫీల్డ్ తుపాకికి కాగితపు కార్తూస్ ఇచ్చారు. దాన్ని పళ్లతో చింపి, బారూద్ గొట్టంలో పోసి, గోలీని దట్టించాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న షక్ సిపాయిల గుండెల్లో రగిలింది. ఆ మంట జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ దాకా వచ్చింది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ పేర్లు మీకు తెలిసినవే.

సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన మొదటి రివాల్వర్ బజారులోకి తెచ్చింది. అది చిన్న .22 తమంచా. కానీ దాని కార్తూస్ లోహపుది. బారూద్, గోలీ, నిప్పు పుట్టించే మసాలా, అన్నీ ఒకే ఖోల్‌లో ఉంటాయి. చింపే పని లేదు, దట్టించే పని లేదు. సిలిండర్‌కి వెనక నుంచి ముందు దాకా ఆర్‌పార్‌గా రంధ్రాలు వేయాలన్న ఆలోచన రోలిన్ వైట్ అనే ఆయనది. పేటెంట్ ఆయన పేరున ఉంది. ఒక్కో రివాల్వర్‌కి 25 సెంట్లు ఆయనకిచ్చి ఆ హక్కు కంపెనీ తన దగ్గరే పెట్టుకుంది. ఆ పేటెంట్ 1869లో ముగిసింది. అప్పటికే కంపెనీ పెద్ద రివాల్వర్ తయారీలో ఉంది. 1870లో వచ్చిన ఆ మోడల్ పేరు నంబర్ 3. గొట్టాన్ని ముందుకు వంచితే రివాల్వర్ మధ్యకు తెరుచుకుని, ఆరు ఖాళీ ఖోల్‌లూ ఒకేసారి బయటికి వస్తాయి. ఆ రోజుల్లో అది కొత్త కరామత్. అమెరికా ఫౌజ్ 1,000 కొన్నది. ఆ తర్వాత అసలు ఖరీదుదారు తలుపు తట్టాడు.

అమెరికాలో రష్యా సైనిక ప్రతినిధిగా ఉన్న అలెగ్జాండర్ గొర్లోఫ్ నంబర్ 3ని మెచ్చుకున్నాడు. 1871లో 20,000 రివాల్వర్లకి ఒప్పందం కుదిరింది. అయితే ఒక షర్తు పెట్టాడు: కార్తూస్ మార్చాలి.

ఎందుకో చూడండి. అప్పటి .44 అమెరికన్ తూటాలో సీసపు గోలీ, ఖోల్ బయటి అంచుతో సమానమైన లావు. దాని అడుగు భాగం మాత్రమే సన్నం చేసి ఖోల్‌లో దూర్చేవారు. గొట్టంలో సులువుగా జారాలని గోలీకి పూసే కొవ్వు బయటే ఉండిపోయేది. జేబులో వేస్తే దుమ్ము, చెత్త, దారపు పీచు దానికి అంటుకునేవి. ఎండకి కొవ్వు కరిగితే గొట్టంలో సీసం పేరుకునేది, నిషానా చెదిరేది. రష్యా వాళ్లు చెప్పింది చిన్న మాట: గోలీ మొత్తం ఒకే లావు ఉండాలి, కొవ్వు నింపిన గాడులు ఖోల్ లోపలికి పోవాలి. మీరట్‌లో కార్తూస్ కొవ్వు ఈమాన్ సవాల్ అయితే, రష్యా ఫౌజ్‌కి అది దుమ్ము సవాల్. జవాబుగా పుట్టిన తూటాకి .44 రష్యన్ అని పేరొచ్చింది. గోలీ బరువు 246 గ్రెయిన్లు. మన సర్రాఫా బజారు పాత లెక్కలో తులం అంటే 180 గ్రెయిన్లు కాబట్టి, తులం మీద ఇంకో మూడో వంతు అనుకోండి.

ఈ సౌదా ఎంత పెద్దదంటే, అదే ఏడాది డిసెంబరులో జార్ కొడుకు గ్రాండ్ డ్యూక్ అలెక్సీ స్వయంగా స్ప్రింగ్‌ఫీల్డ్ కార్ఖానాకి వచ్చాడు. కంపెనీ ఆయనకి నక్కాషీ చేసిన రివాల్వర్ తోఫాగా ఇచ్చింది. ఆ తర్వాతి నెలలో ఆయన నెబ్రాస్కా మైదానాల్లో బఫలో బిల్‌తో కలిసి అడవిదున్నల షికారులో ఉన్నాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు రష్యాకి వెళ్లిన రివాల్వర్లు లక్ష దాటాయి. తర్వాత రష్యా అదే నమూనాని బెర్లిన్‌లో లుడ్విగ్ లోవె కంపెనీతోనూ, సొంతంగా తూలా కార్ఖానాలోనూ చేయించుకుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఆర్డర్లు ఆగిపోయాయి.

ఇప్పుడు రెండో పాదుషా సంగతి. ఉస్మానియా సల్తనత్ కూడా ఇదే కంపెనీ నుంచి నంబర్ 3 రివాల్వర్లు కొన్నది. కానీ తన షర్తు వేరు. తుర్కీ ఫౌజ్ 1870, 1871లో 45,000 వించెస్టర్ మస్కెట్లు, 5,000 కార్బైన్లు కొని పెట్టుకుంది. వాటి తూటా .44 హెన్రీ. రివాల్వర్‌కి కూడా అదే తూటా పట్టాలని అడిగింది. సిపాయి నడుముకి ఒకటే తూటా సంచి, గోదాములో ఒకటే పెట్టె, రైఫిల్‌కీ రివాల్వర్‌కీ ఒకటే కార్తూస్. ఇది అక్ల్ ఉన్న నిర్ణయం. తుర్కులకు కొత్త ఆయుధాలు తెలియవని రాసిన వాళ్లకి 1877లో ప్లెవ్నా జవాబు చెప్పింది. అక్కడ గాజీ ఉస్మాన్ పాషా ఫౌజ్ చేతిలోని వించెస్టర్లు రష్యా దాడుల్ని మళ్లీ మళ్లీ తిప్పికొట్టాయి. జులై నుంచి డిసెంబరు దాకా ఆ ఊరు నిలబడింది. ఆ రోజుల్లో హిందుస్తాన్ ముసల్మానులు తుర్కీ కోసం చందాలు పోగుచేసి పంపారు. ఆ జంగ్‌లో రెండు వైపులా అఫ్సర్ల నడుముకి స్ప్రింగ్‌ఫీల్డ్ రివాల్వర్లు వేలాడాయి. కార్ఖానాకి మాత్రం ఇద్దరూ గిరాకీలే.

ఫర్క్ తూటా అడుగున ఉంది. .44 హెన్రీది రిమ్‌ఫైర్ పద్ధతి. నిప్పు పుట్టించే మసాలా ఖోల్ అడుగు అంచులో చుట్టూ ఉంటుంది. సుత్తి దెబ్బకి మెత్తని రాగి అంచు నలిగి, మసాలా మండి, తూటా పేలుతుంది. ఆ నలిగిన అంచుని మళ్లీ బాగు చేయలేం. ఖాళీ ఖోల్ చెత్తకుప్పకే. .44 రష్యన్‌ది సెంటర్‌ఫైర్. దెబ్బ పడేది అడుగున నట్టనడుమ. ఆ చోట ప్రైమర్ అనే చిన్న టోపీ కూర్చునే ఏర్పాటు వచ్చాక, వాడిన టోపీ తీసి కొత్తది పెట్టడమే మిగిలింది. ఇక్కడ తారీఖ్ ఒక దిల్లగీ చేసింది. ప్రైమర్లలో రెండు రకాలు నిలబడ్డాయి. ఆంగ్లేయుడు బాక్సర్ చేసిన రకం అమెరికాలో పాతుకుంది, అమెరికన్ బెర్డాన్ చేసిన రకం యూరప్‌లో పాతుకుంది. బాక్సర్ రకంలో ఖోల్ నడుమ ఒకే చిల్లు ఉంటుంది, సన్నని పుల్లతో పొడిస్తే పాత టోపీ ఊడి వస్తుంది. బెర్డాన్‌లో చిల్లులు పక్కగా ఉంటాయి, పుల్ల పట్టదు. ఇంట్లో తూటా నింపుకునే హునర్ అమెరికాలోనే ఎందుకు అంతగా పెరిగిందనడానికి ఈ చిన్న చిల్లు కూడా ఒక వజా.

ఆ హునర్ పద్ధతి ఇది. ఖాళీ ఖోల్ నుంచి పాత టోపీ తీయాలి. పేలుడుకి ఉబ్బిన ఖోల్‌ని మళ్లీ కొలతకి తేవాలి. కొత్త టోపీ నొక్కాలి. బారూద్‌ని కంసాలి తూకంలా కొలిచి పోయాలి. సాంచాలో, అంటే మూసలో, సీసం పోసి చేసిన గోలీని కూర్చోబెట్టి అంచు బిగించాలి. 1884లో జాన్ బార్లో అనే ఆయన కనెక్టికట్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, ఈ పనులన్నీ చేసే ఒక చేతి పనిముట్టు అమ్మాడు. చూడ్డానికి అచ్చం మన పాన్‌దాన్‌లోని అడకత్తెర. స్మిత్ అండ్ వెసన్ కూడా .44 రష్యన్ కోసం ఇలాంటి సామాను అమ్మింది. గదిలో సాధనకి కొంచెం బారూద్, గుండ్రటి చిన్న గోలీ. మైదానంలో పోటీకి పూర్తి తూటా. రివాల్వర్ ఒకటే, తూటా మిజాజ్ మాత్రం నింపే వాడి చేతిలో.

నిషానేబాజ్‌లకి కావలసింది ఇదే. రోజుకి వంద తూటాలు సాధన చేసే వాడికి దుకాణం ఖర్చు భారం. అంతకన్నా ముఖ్యం, ప్రతి తూటా పక్కదానిలాగే ఉండాలి. 1878లో కంపెనీ న్యూ మోడల్ నంబర్ 3 తెచ్చింది. రష్యా వాళ్లు కోరిన ట్రిగ్గర్ కింది కొక్కెం తీసేసి, పిడి తీరు చేతికి అనువుగా చేసింది. కానీ రష్యా వాళ్లిచ్చిన కార్తూస్ మాత్రం ఉంచుకుంది. 1886లో బోస్టన్ దగ్గర వాల్‌నట్ హిల్ మైదానంలో ఐరా పెయిన్ ఈ .44 రష్యన్‌తోనే 50 గజాల దూరం నుంచి వంద గోలీలు కొట్టి పేరు తెచ్చుకున్నాడు. వారాల్లోనే బెన్నెట్ అనే బోస్టన్ వాసి అలాంటి రివాల్వర్‌తోనే ఆయన్ని దాటేశాడు. ఇంగ్లండ్‌లో బిస్లీ పోటీల్లో వాల్టర్ వినాన్స్ దాన్నే పట్టాడు. వినాన్స్ పుట్టింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. 1908 ఒలింపిక్స్‌లో తుపాకి షూటింగ్‌లో, 1912లో శిల్పకళలో బంగారు పతకాలు తెచ్చుకున్న ఆసామీ.

అక్కడి నుంచి సిల్సిలా తెగలేదు. 1907లో అదే ఖోల్‌ని కొంచెం పొడుగు చేసి .44 స్పెషల్ అన్నారు. ఐడాహో పశువుల కాపరి ఎల్మర్ కీత్ 1925లో .45 కోల్ట్ తూటాని అతిగా నింపితే సిలిండర్ పగిలింది. .44కి సిలిండర్ గోడ ఇంకా దళసరిగా మిగులుతుందని ఆయన .44 స్పెషల్ వైపు తిరిగాడు. దానికి సొంత గోలీ నమూనా గీసి, ముప్పై ఏళ్లు ఇంట్లో తూటాలు నింపి, పత్రికల్లో రాస్తూ కంపెనీల వెంటపడ్డాడు. 1955 డిసెంబరులో ఖోల్ ఇంకాస్త పొడుగై .44 మాగ్నమ్ వచ్చింది. 1971లో 'డర్టీ హారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో ప్రపంచమంతా చూసిన రివాల్వర్ అదే. ఇవాళ కూడా మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ పడుతుంది, .44 రష్యన్ కూడా పడుతుంది. పొడుగు మారింది, గోలీ లావు మారలేదు. గొర్లోఫ్ షర్తు ఇంకా అమల్లో ఉంది.

.44 హెన్రీ తూటా తయారీ 1930లలో ఆగిపోయింది. దాంతో తుర్కీ రివాల్వర్లు బాగున్నా మూగబోయాయి. వాటిని అద్దాల బీరువాల్లో దాచుకునే వాళ్లున్నారు గానీ, మైదానానికి తీసుకెళ్లే వాళ్లు లేరు. ఇందులో సుల్తాన్ అఫ్సర్లని తప్పు పట్టడానికి ఏమీ లేదు. వాళ్లు ఆ ఏడాది జంగ్ కోసం కొన్నారు. ప్లెవ్నా ఆ లెక్కని సాబిత్ చేసింది కూడా. కానీ వాళ్ల తూటా పేల్చిన ప్రతిసారీ మళ్లీ సముద్రం అవతలి నుంచి రావాల్సిందే. రష్యా అడిగిన తూటా ఖోల్ వాడిన వాడి దగ్గరే మిగిలింది. మళ్లీ నింపుకునే ఇల్మ్ కూడా వాడి దగ్గరే మిగిలింది. కొనే సరుకుకీ సొంత హునర్‌కీ మధ్య ఉన్న దూరం ఇంతే. ఇది తుపాకుల విషయంలోనే నిజం కాదు.

ఒక జరూరీ మాట. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఇది చదివి ఎవరూ అడకత్తెర వెతకొద్దు. కానీ ఈసారి ఎవరైనా మీ ముందు ఏ రివాల్వర్ మేలని బహస్ పెడితే, ముందు దాని ఖాళీ ఖోల్ అడిగి తీసుకోండి. అడుగు తిప్పి చూడండి. దెబ్బ అంచు మీద పడిందా, నడుమ పడిందా అన్నది చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.