నోటి మాటలో నిలిచిన చరిత్ర: పల్నాటి వీరగాథ

కార్తిక మాసపు అమావాస్య వచ్చిందంటే పల్నాటి సీమలోని కారంపూడికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తరలివస్తారు. కావ్యాలలో కార్యమపూడిగా కనిపించే ఈ ఊరి పక్కన నాగులేరు పారుతుంది. పన్నెండో శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగిన దాయాదుల పోరు ఈ ఏటి ఒడ్డునే ముగిసింది. ఆనాటి వీరుల ఆయుధాలకు ప్రతీకలైన కొణతాలను ఆచారవంతులు పూజించి ఊరేగిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఉత్సవం ఐదు రోజులు సాగుతుంది. వీరవిద్యావంతులనే గాయకులు ఆ వీరుల కథ పాడుతారు. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన ఒక ప్రాంతీయ యుద్ధం నేటికీ జనం గుండెల్లో మెదులుతున్నదంటే, అందుకు కారణం పాడేవారు, వినేవారు, ఏటేటా ఆ ఇరువురినీ ఒకచోట చేర్చే తిథి.

జానపద కథ అనగానే నిద్రపోయే పిల్లలకు అమ్మమ్మ చెప్పేదనీ, చదువురాని వారికి కాలక్షేపమనీ భావించడం మనకు అలవాటయింది. ఆ భావన ఎంత అసమగ్రమో పల్నాటి వీరగాథ ఒక్కటే నిరూపించగలదు. లిఖిత చరిత్ర పట్టించుకోని మనుషులనూ ప్రశ్నలనూ ఈ మౌఖిక సంప్రదాయం పదిలపరచింది. వాటిని ప్రతి తరం ముందూ మళ్లీ విచారణకు పెట్టింది.

కథాసారం తెలుగువారికి పరిచితమే. గురజాల నలగామరాజుకూ, అతని సవతి తమ్ముడు మలిదేవునికీ రాజ్యం విషయమై తగవు వచ్చింది. నలగాముని పక్షాన మంత్రిణి నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒడంబడిక ప్రకారం వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం కోరుతూ రాయబారిగా వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగిరాలేదు. యుద్ధం అనివార్యమైంది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలుగా వీరులెందరో నేలకొరిగారు. గెలిచినవారికి సైతం మిగిలింది శ్మశానమే. ఈ పోరు తీరాంధ్రంలో వెలనాటి చోళుల ప్రాబల్యం సడలడానికీ, ఆ తరువాత కాకతీయుల విస్తరణకు దారి సుగమం కావడానికీ దోహదం చేసిందని చరిత్రకారులు భావిస్తారు.

తెలుగునాట ఈ గాన సంప్రదాయానికి చాలా ప్రాచీనత ఉంది. పదమూడో శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు వంటి జనుల పాటలను పేర్కొన్నాడు. వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ ద్విపదలో వీరుల కథ పాడుతుంది. విన్న కుర్రకారు ఆవేశంతో ఊగిపోతారు. పల్లెల్లోనే గాక మహానగరాల్లోనూ వీరగానానికి శ్రోతలుండేవారని దీనివల్ల తెలుస్తుంది. పల్నాటి జొన్నకూడును చాటువులలో గేలి చేశాడని చెప్పుకునే శ్రీనాథుని పేరుతోనే పల్నాటి వీరచరిత్ర ద్విపద కావ్యం మనకు దక్కింది. ఆస్థానాల్లో సీస పద్యాలతో సత్కారాలందుకున్న మహాకవి ఈ కథకు ద్విపదను ఎంచుకోవడం గమనార్హం. పాడుకోవడానికి అనువైన ఆ ఛందస్సు జానపదుల గళానికి అతి సన్నిహితం.

కావ్యం వెలసిన తరువాత పాట ఆగిపోలేదు. శ్రీనాథునిదిగా భావిస్తున్న భాగం ప్రధానంగా బాలచంద్రుని యుద్ధానికి పరిమితం. గాయకుల నోట మాత్రం కథ వీరుల పూర్వుల నుంచి మొదలై యుద్ధాంతం వరకు సాగుతుంది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ పల్నాటి గాయకుడు అలిసెట్టి గాలెయ్య చెప్పిన కథను రికార్డు చేసి, ఆంగ్లానువాదంతో, విపులమైన అధ్యయనంతో 1982లో ప్రకటించాడు. దానితో ఒక తెలుగు పల్లె గాయకుని స్మృతిలోని మహాకథ అంతర్జాతీయ విద్వత్ప్రపంచం దృష్టికి వచ్చింది.

ఈ కథను తరతరాలుగా మోసుకువచ్చిన వీరవిద్యావంతులలో అధికులు మాల కులస్థులు. కథలో ఏది ప్రధానమన్న విషయంపై ఈ వాస్తవపు ముద్ర స్పష్టంగా ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి నడిపిన చాపకూడు కథకు ఆయువుపట్టు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా ఆదరించాడు, సేనానిగా నిలిపాడు. బాలచంద్రుని వెంట వేర్వేరు కులాలకు చెందిన సోదరసమానులు ఒకే కంచంలో తిని, ఒకే రణంలో పడ్డారు. సాధారణంగా శాసనాలు దానమిచ్చిన ప్రభువునూ దానం పొందిన ఆలయాన్నీ చెబుతాయి. ఎవరు ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నారో చెప్పవు. ఆ సంగతి చెప్పవలసిన అవసరం పాడేవారికి ఉంది, అందుకే అది నిలిచింది.

మరొక ఘట్టం చూడండి. బాలచంద్రుడు ఆడుతున్న బొంగరం వీధిన పోయే ఒక యువతి కాలికి తగిలి గాయమవుతుంది. అవతల పెద్దలు యుద్ధభూమిలో ఉంటే ఇక్కడ బొంగరాలాటలా అని ఆమె నిలదీస్తుంది. తల్లి దాచిపెట్టిన నిజం అతనికి అలా తెలుస్తుంది. రాజకుమారులను కర్తవ్యానికి మేల్కొల్పే మాటను ఋషులకో గురువులకో అప్పగించడం పురాణాల పద్ధతి. ఇక్కడ ఆ మాట వీధిలోని సామాన్య స్త్రీకి దక్కింది.

అయితే మౌఖిక గాథను యథాతథంగా చరిత్రగా స్వీకరించడం పొరపాటు. ఇందులో దైవాంశలున్నాయి, మహాభారత ఛాయలున్నాయి, పక్షపాతం ఉంది. జరిగినదాని కంటే, జరిగినదాన్ని జనం ఏ విధంగా అర్థం చేసుకున్నారన్నది తెలుసుకోవడానికే గాథ మొదటి ఆధారం. ఆ అర్థం ఒకచోట స్థిరంగా ఆగదు. ఒకప్పుడు కుట్రలకు మారుపేరైన నాగమ్మలో రాజనీతిజ్ఞురాలిని, పురుషుల రాజ్యతంత్రంలో నెగ్గుకొచ్చిన మహిళను చూస్తున్న రచయితలు తరువాతి కాలంలో వచ్చారు. నోటి కథకు ఇటువంటి పునర్విచారణ సహజం.

ఇది తెలుగునాటికే ప్రత్యేకమైన విషయం కాదు. సరిగ్గా అదే పన్నెండో శతాబ్దిలో బుందేల్‌ఖండ్‌లోని మహోబా కోసం పోరాడిన ఆల్హా, ఊదల్ సోదరుల గాథను ఉత్తర భారత పల్లెల్లో వానకాలం వస్తే నేటికీ పాడుకుంటారు. చందేల రాజ్యంపై పృథ్వీరాజు సాధించిన విజయాన్ని 1182 నాటి మదన్‌పూర్ శాసనం చెబుతుంది. జనం మాత్రం ఓడిన పక్షపు వీరులనే పాటగా నిలుపుకున్నారు. పల్నాడులోనూ, మహోబాలోనూ విజయం రాజులది, జ్ఞాపకం ప్రజలది.

కొత్త కాలం వచ్చినప్పుడల్లా ఈ కథ కొత్త వేషం కట్టింది. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణతో అచ్చులోకి వచ్చింది. 1947లోనూ 1966లోనూ చలనచిత్రమైంది. షేక్ నాజర్ బుర్రకథలో పల్నాటి యుద్ధం ఊరూరా మార్మోగింది. పండిత లోకమూ వెనకబడలేదు. బిరుదురాజు రామరాజు, తంగిరాల వెంకట సుబ్బారావు ప్రభృతుల కృషితో జానపద సాహిత్యం విశ్వవిద్యాలయాల్లో అధ్యయన శాఖగా స్థిరపడింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకై యునెస్కో 2003లో చేసిన ఒడంబడికను భారతదేశం 2005లో ఆమోదించింది.

ఇవన్నీ ఆవశ్యకమైనవే. కాని టేపులో భద్రమైన గాథకు శ్రోత లేడు. గాయకుడు పాట మధ్యలో ఆగి ఎదుటివారి ముఖాలు చూస్తాడు. ఊకొట్టే గొంతును బట్టి ఒక ఘట్టాన్ని పెంచుతాడు, మరొకదాన్ని కుదిస్తాడు. రాత్రులు రాత్రులు సాగవలసిన కథను ఉత్సవ వేదికపై పది నిమిషాలకు కత్తిరించి, శాలువా కప్పి పంపితే కళను గౌరవించినట్టు కనిపిస్తుందే గాని కథ బతకదు. ఈ విద్యతో పూట గడవదని తండ్రే కొడుకును వారించే స్థితి వస్తే ఏ భాండాగారమూ ఆ లోటు పూడ్చలేదు. గాయక కుటుంబాలకు స్థిరమైన భృతి, గురువు వద్ద ఏళ్ల తరబడి నేర్చుకునే యువకులకు ఉపకారవేతనం, ఆ ప్రాంతపు బడిలో ఆ ప్రాంతపు కథ చెప్పించే ఏర్పాటు కావాలి. సంస్కృతీ శాఖలకు ఇవి అసాధ్యమైన పనులు కావు. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాగా అవతరించింది. సీమ పేరుకు దక్కిన ఆ గుర్తింపు దాని కథ పాడేవారికీ దక్కడం న్యాయం.

కారంపూడి ఉత్సవంలో మందపోరు నాడు నేటికీ చాపకూడు జరుగుతుంది. కులభేదం లేకుండా అందరూ ఒక్కచోట కూర్చుని తింటారు. పండుగ ముగిసి ఇళ్లకు వెళ్లాక ఆ పంక్తి ఎంతవరకు నిలుస్తుందన్నది కథ మనకు ఏటేటా వేస్తున్న ప్రశ్న. దానికి పూర్తి జవాబు దొరికేదాకా ఆ కథ పాతబడదు. ఆ ప్రశ్నను వినిపించే గొంతు మూగపోకుండా చూసుకోవలసిన బాధ్యత మనది.