గెలువవలెనను కోరిక

టెలివిజనులో పాటలపోటీ జరుగుచున్నపుడు మన యిండ్లలో నొక మాట తఱచుగా వినవచ్చుచుండును. గెలువవలెననియే వచ్చితినని బాలుడు చెప్పినచో ధైర్యవంతు డందురు. అదే మాట బాలిక చెప్పినచో నెంత గర్వ మందురు. ఈ భేదము మన సంప్రదాయమని కొందఱు పెద్దలు సమర్థింతురు. ఆ సంప్రదాయమును గొంచెము విచారింతము.

జయకాంక్ష మన పూర్వులకు దోషముగా దోచలేదు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టు నోడించి యాతని కంచుఢక్కను బగులగొట్టించెనని ప్రసిద్ధి కలదు. తిరుపతి వేంకటకవులు తమ మీసములనే కవులకు సవాలుగా నిలిపి, తమ్ము గెలిచినవా రున్నచో వానిని దీసివేయుదుమని చాటిరి. అట్టివారిని రాజులును జమీందారులును పిలిపించి, యవధానములు చేయించి సన్మానించిరి.

స్త్రీల విషయమున నిట్లు జరుగలేదు. 18వ శతాబ్దమున తంజావూరి ప్రతాపసింహుని యాస్థానములోని ముద్దుపళని, తన పాండిత్యమును దనకు జరిగిన గౌరవములను రాధికాసాంత్వనమున దానే చెప్పికొనెను. వీరేశలింగముపంతులుగారు ఆ గ్రంథమును నిరసించిరి. అందలి శృంగారమే ముఖ్యకారణ మగుట నిజమే. కాని యట్టి మాటలు స్త్రీ నోట రాదగవనుటయు నా నిరసనలో గలదు. 1910లో దానిని మరల బ్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ, సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యని యడిగెను. పంతులుగారి యుపకారమును మఱవని మేమును ఈ ప్రశ్నకు బదులు చెప్పలేకున్నాము.

1996లో ఈటీవీయందు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారి నిర్వహణమున "పాడుతా తీయగా" యారంభమైనది. శ్రుతి తప్పిన చోటును, పలుకు చెడిన చోటును ఆయన స్పష్టముగా జూపెడివారు. శ్రుతికి బాలబాలికల భేదము లేదు కదా. 2004లో హిందీలో "ఇండియన్ ఐడల్" మొదలైన పిదప బ్రేక్షకుల ఫోను వోట్లు విజేతను నిర్ణయింప సాగినవి. అందు మొదటి మూడు పర్యాయములును పురుషులే గెలిచిరి. 2009లో త్రిపురకు జెందిన సౌరభీ దేబ్బర్మ గెలుచువఱకు స్త్రీ కా స్థానము లభింపలేదు. దీనికి గారణములు పెక్కు లుండవచ్చును. కాని వోటు వేయువాడు పాటతోపాటు నడవడినిగూడ తూచును. ఆ త్రాసులో బాలికకు వేఱు రాళ్లు వేయుట మన యిండ్లలోనే చూచుచున్నాము. 2010లో మన శ్రీరామచంద్ర యదే పోటీలో గెలిచినపుడు, అతడు గెలువగోరుట గర్వమని యెవ్వరనగా మేము వినలేదు.

కోరిక నుంచుకొని లేనట్లు నటింపుమని నేర్పినచో బిడ్డకు కపట మబ్బును. ఓడినపుడు గెలిచినవారిని మెచ్చుకొనుట వినయము. తన దోషమును విని దిద్దుకొనుట వినయము. ఈ రెండును బాలురకును నేర్పదగినవే. ఇంటనున్న బాలిక గెలువవలెనని చెప్పినపుడు, "మంచిది తల్లీ, రమ్ము, నీ పాటలో శ్రుతి యెచ్చట దప్పుచున్నదో చూతము" అనుట పెద్దలకు దగును.