ఖడక్‌వాస్లాలో మూడేళ్లు దేనికి? భారత సైన్యాధికారుల శిక్షణ మార్గాలపై ఒక పరిశీలన

2019 డిసెంబరు 31న జనరల్ మనోజ్ ముకుంద్ నరవణె సైన్యాధిపతిగా బాధ్యతలు చేపట్టారు. ఆ రోజుతో త్రివిధ దళాల అధిపతులు ముగ్గురూ పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ)లో కలిసి చదివినవాళ్లే అయ్యారు. నరవణె, నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్, వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఆర్.కె.ఎస్. భదౌరియా, ముగ్గురిదీ 56వ కోర్సే. ఎన్‌డీఏ గొప్పతనానికి దీన్ని రుజువుగా ఇప్పటికీ చెబుతుంటారు. పదిహేడేళ్ల కుర్రవాణ్ణి తీసుకుని, మూడేళ్లు పెంచి, ఆపైన మరో ఏడాది డెహ్రాడూన్‌లో తీర్చిదిద్దితే వచ్చే అధికారి, డిగ్రీ అయ్యాక చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో 49 వారాల శిక్షణతో వచ్చే అధికారికన్నా మిన్న అని దాని తాత్పర్యం.

ఈ వాదన నిలవదని నా అభిప్రాయం. పై పదవుల్లో ఎన్‌డీఏ వాళ్లే కనిపించడానికి శిక్షణకన్నా ముందు చెప్పుకోవలసిన కారణాలు రెండున్నాయి. ఒకటి వయసు, రెండోది శాశ్వత కమిషన్ నిబంధనలు. అంతమాత్రాన ఎన్‌డీఏ దండగ అనడం లేదు. దాని విలువ మనం మామూలుగా వెతికే చోట లేదనే అంటున్నాను.

శిక్షణాకాలం ఎలా పెరిగింది

1918 తర్వాత ఏటా పదిమంది భారతీయులకు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లో చోటిచ్చారు. వెళ్లినవాళ్లలో తప్పేవాళ్లు ఎక్కువయ్యారు. పిల్లల్ని చిన్నప్పటినుంచే ఆ వాతావరణానికి అలవాటు చేయాలని 1922లో డెహ్రాడూన్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరిట సైనిక కళాశాల పెట్టారు. పదేళ్ల తర్వాత, 1932 అక్టోబరు 1న, నలభైమందితో ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ) మొదలైంది. ఆ తొలి బ్యాచ్‌లోని మానెక్‌షా, మహమ్మద్ మూసా, స్మిత్ డన్ తర్వాతి కాలంలో వరసగా భారత్, పాకిస్తాన్, బర్మా సైన్యాలకు అధిపతులయ్యారు.

అంతలో యుద్ధం వచ్చింది. 1939లో వెయ్యికి లోపే ఉన్న భారతీయ అధికారుల సంఖ్య 1945కల్లా ఎనిమిది వేలు దాటింది. రెండున్నరేళ్ల చదువుకు వ్యవధి లేదు కాబట్టి నెలల శిక్షణతోనే ఎమర్జెన్సీ కమిషన్లు ఇచ్చేశారు. నా దృష్టిలో మన సైనిక చరిత్రలో ఇంతకన్నా పెద్ద శిక్షణ ప్రయోగం మరొకటి లేదు. ఎవరూ ప్రయోగమనుకుని చేసింది కాదు కనుక దాని ఫలితాన్ని లెక్కగట్టినవాళ్లు తక్కువ. 1947-48లో కశ్మీర్‌లో కంపెనీలను నడిపింది, 1965, 1971 యుద్ధాల నాటికి పై హోదాల్లో ఉన్నది చాలావరకు ఈ తరమే. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లిన మన జనరల్ కె.వి. కృష్ణారావు 1942లో, యుద్ధం నడుమ, కమిషన్ పొందారు. 1981లో సైన్యాధిపతి అయ్యారు. కొద్ది నెలల శిక్షణ ఆ తరానికి అడ్డంకి కాలేదు.

ఎన్‌డీఏ ఊహ మాత్రం ఆ యుద్ధం ముగుస్తున్నప్పుడే పుట్టింది. అప్పటి సైన్యాధిపతి ఆకిన్‌లెక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం వెస్ట్‌పాయింట్ వంటి సంస్థలను పరిశీలించి, మూడు దళాల పిల్లలూ ఒకేచోట చదివే అకాడమీని సిఫారసు చేసింది. 1949 జనవరిలో డెహ్రాడూన్‌లో తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి, 1955 జనవరి 16న ఖడక్‌వాస్లా ప్రాంగణాన్ని ప్రారంభించారు. తూర్పు ఆఫ్రికా యుద్ధంలో భారత సైనికుల త్యాగాన్ని తలచుకుని సూడాన్ ఇచ్చిన సొమ్ము ఆ నిర్మాణానికి కలిసొచ్చింది కాబట్టే ప్రధాన భవనానికి సూడాన్ బ్లాక్ అని పేరు. ఇక్కడో విచిత్రం. మనం ఎవరి నమూనా చూసి మొదలుపెట్టామో ఆ శాండ్‌హర్స్ట్ ఆ తర్వాత కాలాన్ని కుదించుకుంది. అక్కడ నేడు రెగ్యులర్ అధికారి శిక్షణ 44 వారాలు, వచ్చేవాళ్లలో అత్యధికులు డిగ్రీ పూర్తిచేసినవాళ్లు. మనం పెంచాం, వాళ్లు తగ్గించారు.

వయసు లెక్క

ఎన్‌డీఏలో చేరే వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. మూడేళ్లు ఖడక్‌వాస్లా, ఏడాది డెహ్రాడూన్ పోగా చాలామంది ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకే లెఫ్టినెంట్లవుతారు. డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష రాసి నేరుగా ఐఎంఏకి వచ్చేవాళ్లను సైన్యం భాషలో డైరెక్ట్ ఎంట్రీ అంటారు. వాళ్లకక్కడ ఏడాదిన్నర శిక్షణ, భుజానికి నక్షత్రాలు ఎక్కేసరికి ఇరవై మూడు నుంచి ఇరవై అయిదేళ్లు. జవాన్ల నుంచి ఎంపికై ఆర్మీ క్యాడెట్ కాలేజీ మీదుగా వచ్చేవాళ్ల వయసు ఇంకా ఎక్కువ.

ఈ రెండు మూడేళ్ల తేడా లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే తలరాతను తేలుస్తుంది. కర్నల్ 54 ఏళ్లకు, బ్రిగేడియర్ 56కు, మేజర్ జనరల్ 58కి, లెఫ్టినెంట్ జనరల్ 60కి పదవీ విరమణ చేయాలి. పదోన్నతి బోర్డులు అధికారులను కమిషన్ పొందిన సంవత్సరాన్ని బట్టి బ్యాచ్‌లవారీగా పరిశీలిస్తాయి. ఒకే బ్యాచ్‌లో ఇద్దరు సమర్థులున్నారనుకుందాం. మేజర్ జనరల్ ఖాళీ తమ వంతుకొచ్చేనాటికి ఒకరి వయసు 54, మరొకరిది 57. పెద్దాయన బ్రిగేడియర్‌గా 56కే పదవీ విరమణ చేసి ఉంటాడు, ఆ ఖాళీ గురించి ఆలోచించే పనే లేదు. చిన్నవాడికి ఆర్మీ కమాండర్ పదవి దాకా దారి తెరిచే ఉంటుంది. ఓటీఏ నుంచి వచ్చే షార్ట్ సర్వీస్ అధికారుల్లో అత్యధికులు పద్నాలుగేళ్లలోపే వెళ్లిపోతారు కనుక వాళ్లసలు ఈ పోటీలోనే ఉండరు. ఇంత వడపోత జరిగాక శిఖరం మీద ఎన్‌డీఏ వాళ్లు కాక మరెవరు మిగులుతారు? ఈ శతాబ్దంలో ఎన్‌డీఏ గుండా రాకుండా నేరుగా ఐఎంఏకి వెళ్లి సైన్యాధిపతి అయిన జనరల్ బిక్రమ్ సింగ్ 1972లో, అంటే ఇరవై ఏళ్లు నిండకముందే, కమిషన్ పొందినవారు. ఆయన ఈ వాదనకు అపవాదంలా కనిపించినా నిజానికి సాక్ష్యమే.

కొండమీద తేడా కనిపించిందా

చిన్న అధికారుల సంగతి చూడాలంటే కార్గిల్ కన్నా స్పష్టమైన రంగం లేదు. 1999 వేసవిలో అక్కడ భారం మోసింది లెఫ్టినెంట్లు, కెప్టెన్లు, మేజర్లు. ఖాలూబార్ దగ్గర పరమవీరచక్ర పొందిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే ఎన్‌డీఏ విద్యార్థి. అదే పురస్కారం పొందిన కెప్టెన్ విక్రమ్ బత్రా చండీగఢ్‌లో డిగ్రీ చదివి నేరుగా ఐఎంఏకి వచ్చినవాడు. హైదరాబాదులో పెరిగి, ఉస్మానియాలో పట్టభద్రుడై, మద్రాసు ఓటీఏలో శిక్షణ పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య 2 రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీని ద్రాస్ కొండల మీదికి నడిపి జూన్ 28న అమరుడయ్యాడు, మహావీరచక్ర వచ్చింది. మూడు మార్గాలూ ఒకే యుద్ధంలో, ఒకే ఎత్తున కనిపించాయి. పతకాలు గణాంకాలు కావు, మూడు పేర్లతో సిద్ధాంతం నిలబడదు, నిజమే. కానీ 49 వారాల శిక్షణ కొండమీద చాలదని చెప్పదలచుకున్నవాళ్లు ముందు ఈ పేర్లకు సమాధానం చెప్పుకోవాలి.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి జవాబు సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు దగ్గర దొరుకుతుంది. మన పిల్లలు ఎక్కువగా బెంగళూరుకో భోపాల్‌కో వెళ్తారు. అయిదు రోజుల పరీక్ష. మసకబారిన బొమ్మను ముప్ఫై సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. పదిహేను సెకన్లకొక మాట చొప్పున అరవై మాటలు చూపించి తోచింది రాయమంటారు. బయట మైదానంలో ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి, నేలను తాకకుండా బృందమంతా బరువుతో సహా అవతలికి చేరాలంటారు. ఎరుపు రంగు వేసిన చోట చెయ్యిగానీ కాలుగానీ ఆనకూడదు. జీటీవో అనే అధికారి పక్కన నిలబడి, ఎవరు అరిచారో, ఎవరు ఆలోచించారో, ఎవరు తాడు పట్టుకుని చివరిదాకా ఆగారో రాసుకుంటూ ఉంటాడు. ఇంటర్ కుర్రవాడికీ ఇరవై నాలుగేళ్ల పట్టభద్రుడికీ పరీక్ష ఇదే, చూసే పదిహేను గుణాలూ అవే. నాయకత్వాన్ని ముందు గుర్తించాలి, మిగతాది తర్వాత నేర్పవచ్చు అన్నది సైన్యం నమ్మకం. ఆ నమ్మకం సరైనదైతే జల్లెడ ఒకటే అయినప్పుడు దిగువన గింజల్లో తేడా తగ్గడం సహజం.

దుండిగల్‌లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. హైదరాబాదు శివారులోని ఆ వైమానిక అకాడమీకి ఎన్‌డీఏ నుంచి వచ్చినవాళ్లు, డిగ్రీ తర్వాత వచ్చినవాళ్లు ఒకే రకం శిక్షణ విమానం ఎక్కుతారు. ఎవరు సోలోకు సిద్ధమో తేల్చేది వెనక కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ మాత్రమే.

కలిసి చదివితే కలిసి పోరాడతారా

ఎన్‌డీఏకే ప్రత్యేకమైన వాదన ఒకటుంది. పద్దెనిమిది స్క్వాడ్రన్లలో మూడు దళాల పిల్లలు మూడేళ్లు ఒకే మెస్‌లో తిని, ఒకే డ్రిల్ మైదానంలో చెమటోడుస్తారు. ఆ చనువు ముప్ఫై ఏళ్ల తర్వాత సంయుక్త యుద్ధవిధానంగా ఫలిస్తుందని ఆశ. కోర్స్‌మేట్ బంధం గట్టిదే. ఫోనెత్తి ‘ఏరా’ అని పలకరించగలగడం సంక్షోభంలో చిన్న సంగతేమీ కాదు. అయినా ఎన్‌డీఏ తెరిచిన అరవై అయిదేళ్ల తర్వాత, 2020 జనవరి 1న గాని మనకు మొదటి త్రిదళాధిపతి రాలేదు. కార్గిల్ సమీక్షా సంఘం మొదలు ‘ద అబ్సెంట్ డైలాగ్’ రాసిన అనిత్ ముఖర్జీ దాకా ఎందరో దళాల మధ్య సమన్వయలోపాన్ని ఎత్తిచూపారు. ఆ లోపం ఉన్నన్నాళ్లూ పైన కూర్చున్నది ఎక్కువగా ఖడక్‌వాస్లా మిత్రులే. సంస్థలు చేయవలసిన పనిని స్నేహాల మీద వదిలేశాం.

ఖర్చు ఎవరి మీద

ఎన్‌డీఏ ఖర్చంటే సాధారణంగా ఖజానా గుర్తొస్తుంది. మరో ఖర్చుంది. శిక్షణలో వెన్ను విరిగి, మోకాలు పోయి వైద్య కారణాలతో ఇంటికి పంపేసే పిల్లలు ఏటా ఉంటారు. ఇంకా కమిషన్ పొందలేదు కాబట్టి వాళ్లకు మాజీ సైనికుడి హోదా రాదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకునేదాకా సమాజం పెద్దగా పట్టించుకోలేదు. నాలుగేళ్ల మార్గంలో ఈ ప్రమాదం ఒక్క ఏడాది మార్గంకన్నా సహజంగానే ఎక్కువ.

ఓటీఏ మార్గం ఖర్చు వేరు. అది కూడా అధికారి మీదే పడుతుంది. 1962 చైనా యుద్ధం దెబ్బకు పుట్టిన ఆ సంస్థ నుంచి వచ్చినవాళ్లకు పదేళ్ల సర్వీసు, కావాలంటే మరో నాలుగేళ్ల పొడిగింపు. పింఛనుకు ఇరవై ఏళ్లు నిండాలి కనుక పద్నాలుగేళ్లు చేసినా గ్రాట్యుటీ వంటివే తప్ప పింఛను రాదు. ముప్ఫై అయిదేళ్లకు, ఇంట్లో ఇద్దరు పిల్లలున్న వేళ, కార్పొరేట్ ఉద్యోగాల వరసలో కొత్తగా నిలబడాలి. మహిళల విషయంలో ఇది ఇంకా దుర్మార్గంగా నడిచింది. 1992 నుంచి వాళ్లకు ఓటీఏ ఒక్కటే ద్వారం. చాలా శాఖల్లో శాశ్వత కమిషన్‌కు 2020 ఫిబ్రవరి సుప్రీంకోర్టు తీర్పు కావలసివచ్చింది. ఎన్‌డీఏ తలుపు 2022లో తెరుచుకుంది, 2025 మే 30న తొలి పదిహేడుమంది అమ్మాయిలు బయటికి వచ్చారు.

విచారకరమేమంటే దీనికి మందు 2003లోనే రాసిపెట్టారు. కార్గిల్ తర్వాత బెటాలియన్ కమాండర్ల వయసు తగ్గించడానికి వేసిన అజయ్ విక్రమ్ సింగ్ సంఘం, శాశ్వత అధికారుల కన్నా షార్ట్ సర్వీస్ అధికారులే కాస్త ఎక్కువగా ఉండాలంది, వాళ్ల నిష్క్రమణను గౌరవప్రదంగా మార్చాలంది. పదోన్నతుల సిఫారసులు 2004 చివర్లో అమలయ్యాయి. రెండో సగం మీద శ్రద్ధ అంతగా కనిపించలేదు. 2023 మొదటికి సైన్యంలో వైద్యవిభాగాలతో కలిపి ఎనిమిది వేలకు పైగా అధికారుల కొరత ఉందని పార్లమెంటుకు చెప్పారు. 2025 తొలి నోటిఫికేషన్లలో సైన్యానికి ఎన్‌డీఏ సీట్లు 208, డైరెక్ట్ ఎంట్రీకి 100, ఓటీఏ పురుషులకు 275. అవసరం ఏ వైపుందో ఈ అంకెలే చెబుతున్నాయి. కొరత ఉన్నది మేజర్ స్థాయి, అంతకు దిగువన. ఎన్‌డీఏని విస్తరిస్తే ఆ పిల్లలందరూ ఇరవై ఏళ్ల తర్వాత కర్నల్ పదవి కోసం ఇరుకు గుమ్మం దగ్గర తోసుకుంటారు.

మరి ఎన్‌డీఏ దేనికి? నా లెక్కలో బలమైన సమాధానం సామాజికమైనది. కాలేజీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లవాడికి పదిహేడేళ్లకే భోజనం, వసతి, డిగ్రీ, ఉద్యోగం ఒక్క చోట దొరికే అరుదైన మార్గాల్లో ఇదొకటి. 1961లో సైనిక్ స్కూళ్ల ఆలోచన వెనక ఉన్నది కూడా అధికారశ్రేణిలో ప్రాంత, వర్గ అసమతుల్యం తగ్గించాలన్న తపనే. విజయనగరం రాజావారిచ్చిన భవనంలో 1962లో మొదలైన కోరుకొండ స్కూలు నుంచి ఎన్‌డీఏకి వెళ్లినవాడే సూర్యాపేట కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 16 బిహార్‌ను నడిపిస్తూ ప్రాణమిచ్చాడు. షార్ట్ సర్వీస్ మార్గంలో డిగ్రీ ఖర్చు ఇంటివాళ్లది, పదేళ్ల తర్వాతి అనిశ్చితి కూడా ఇంటివాళ్లదే. దాన్ని భరించగల కుటుంబాలే ఆ దారి ఎంచుకుంటే అధికారశ్రేణి మళ్లీ నగరాల మధ్యతరగతికి కుదించుకుపోతుంది. ఎన్‌డీఏని మూసేయమనే వాదన మన దగ్గర చెల్లనిది ఇందుకే. మూడేళ్ల కాలం మీద చర్చ మాత్రం చెల్లుతుంది.

ఆ చర్చకు ఆధారం సైన్యమే సమకూర్చింది. ఇంటర్ ఎంపీసీ, జేఈఈ మార్కులతో చేర్చుకునే టెక్నికల్ ఎంట్రీ క్యాడెట్ల శిక్షణను 2024 జనవరి బ్యాచ్ నుంచి అయిదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గించారు. వాళ్లు పుణె, మౌ, సికింద్రాబాద్‌లలోని సాంకేతిక కళాశాలల్లో మూడేళ్లు, తర్వాత డెహ్రాడూన్‌లో ఏడాది ఉంటారు. నాలుగేళ్లవాళ్లు యూనిట్లకు చేరాక అయిదేళ్లవాళ్ల పక్కనే పనిచేస్తారు. జల్లెడ ఒకటే, చదువు ఒకటే, వయసులో ఏడాది తేడా, శిక్షణలో ఏడాది తేడా. మొదటి అయిదేళ్ల వార్షిక నివేదికలను ఈ రెండు బ్యాచ్‌లకు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ఏడాది శిక్షణ నిజంగా ఏం కలుపుతుందో ఊహాగానాల అవసరం లేకుండా తేలుతుంది. ఖడక్‌వాస్లా ఆరు టర్ముల గురించి మాట్లాడవలసింది ఆ తర్వాత.