జాక్ చార్ల్‌టన్: లీడ్స్ డిఫెండర్, ఐర్లాండ్‌కు ఆప్తుడు



పోయిన నెల చిత్తూరు వైపు ఒక పెళ్లికి వెళ్తే, మా అమ్మాయి మాట విని ఒకాయన "మీరు అరవవాళ్లామ్మా?" అన్నాడు. హోసూరులో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం. పిల్ల చిన్నబుచ్చుకుంది. అప్పుడు నాకు జాక్ చార్ల్‌టన్ గుర్తొచ్చాడు. ఫుట్‌బాల్ మనకెందుకు అనుకోకుండా కాస్త ఓపిగ్గా చదవండి.

జాక్ 1935లో ఇంగ్లండ్ ఉత్తరాన యాషింగ్టన్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. మేనమామలు నలుగురూ ఫుట్‌బాల్ ఆటగాళ్లు. జాక్ కూడా గనిలో దిగాడు గానీ, ఆ పని నచ్చక కొద్దికాలానికే మానేసి లీడ్స్ యునైటెడ్ క్లబ్‌లో చేరాడు.

తమ్ముడు బాబీది సొగసైన ఆట. ఇరవై ఏళ్లకే ఇంగ్లండ్ జట్టులోకి వెళ్లాడు. అన్నది మొరటు ఆట. పొడుగు మనిషి, వచ్చిన బంతిని తలతోనో కాలితోనో ఆపడమే పని. లీడ్స్ రెండో డివిజన్‌కు జారిపోయింది. వేరే క్లబ్‌కు వెళ్లిపోదామని కూడా అనుకున్నాడు, చివరికి ఉండిపోయాడు. 1961లో డాన్ రెవీ మేనేజరయ్యాక అతని ఆట కుదుటపడింది, 1964లో లీడ్స్ మళ్లీ పైకొచ్చింది. 1965 ఏప్రిల్‌లో, ముప్ఫై నిండడానికి నెల ముందు, ఇంగ్లండ్‌కు మొదటిసారి ఆడాడు. మరుసటి ఏడాది జులై 30న వెంబ్లీలో పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచకప్ గెలిచిన జట్టులో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. 1973లో రిటైరయ్యేసరికి లీడ్స్‌కు 773 మ్యాచ్‌లు ఆడాడు. ఆ క్లబ్‌లో అదే రికార్డు.

ఇక మనకు సంబంధించిన సంగతి. 1986లో ఐర్లాండ్ అతన్ని తన జట్టుకు మేనేజర్‌గా పెట్టుకుంది. ఐర్లాండ్ నుంచి కరువుకీ పనికీ ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లకు వలసపోయిన కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. తల్లిదండ్రుల్లోనో, తాత అమ్మమ్మల్లోనో ఒక్కరు ఐర్లాండ్‌లో పుట్టి ఉంటే ఆ దేశానికి ఆడవచ్చు. అలాంటివాళ్లు అంతకుముందూ ఆడారు, కానీ జాక్ పట్టుబట్టి వెతికాడు. కెప్టెన్ మిక్ మెకార్తీ పుట్టింది ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీలో. రే హౌటన్ పుట్టింది గ్లాస్గోలో, మాటంతా స్కాట్లాండ్ యాసే. వీళ్లు అసలు ఐరిష్‌వాళ్లేనా అని సణిగినవాళ్లూ ఉన్నారు.

1988 జూన్ 12న స్టుట్‌గార్ట్‌లో ఐర్లాండ్ 1-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ ఒక్క గోల్ హౌటన్‌దే. 1990లో మొదటిసారి ప్రపంచకప్‌కు వెళ్లి క్వార్టర్ ఫైనల్ దాకా ఆడారు. 1996లో జాక్‌కు ఐర్లాండ్ గౌరవ పౌరసత్వం ఇచ్చింది. 2020లో అతను పోయినప్పుడు అక్కడా సొంత మనిషి పోయినట్టే బాధపడ్డారు.

మా అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. "ఆయన నా యాస అడిగాడు నాన్నా, మా తాత ఊరు అడగలేదు" అంది.

వచ్చే మీటింగులో పిల్లల తెలుగు క్లాసుల సంగతి వస్తుంది. చదవడం రాదని, మాటలో తమిళం, కన్నడం కలుస్తాయని ఏ పిల్లనీ గుమ్మంలోనే ఆపకండి. ముందు రానిద్దాం, తర్వాత నేర్పుదాం.