బీరువా తాళంచెవి

మా అమ్మమ్మగారి ఊరు జి. కొండూరు. బెజవాడలో మైలవరం బస్సెక్కితే కొండపల్లి దాటాక వస్తుంది. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు ఏదైతేనేం, అక్కణ్ణించి నూజివీడు దాకా మామిడి తోటలదే రాజ్యం. వేసవి సెలవులంటే మాకు చిన్నరసాలూ, పెద్దరసాలూ, బంగినపల్లులూ. మిగిలిన లోకమంతా వాటి తర్వాతే.

మా పెద్దమ్మ ఆ దగ్గర్లోనే ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేది. ఊరి పేరెందుకు లెండి. తెలుగుతోపాటు ‘లైబ్రరీ ఇన్‌చార్జి’ అనే బరువు కూడా ఆవిడ నెత్తినే పెట్టారు. 1991 వేసవిలో, పరీక్షలైపోయి బడి మూసేముందు, పుస్తకాలు లెక్క చూడాలని వెళుతూ నన్ను కూడా తీసుకెళ్ళింది. లైబ్రరీ అంటే ఏదో పెద్ద హాలు ఊహించుకున్నాను. తీరా చూస్తే హెడ్మాస్టరుగారి గది మూల ఒక ఇనప బీరువా! పెద్దమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. తలుపు కిర్రుమంది. లోపల్నుంచి కలరా ఉండల వాసన గుప్పుమంది.

రిజిస్టరులో నంబరు చదవడం నా పని, పుస్తకం వెతికి చూపించడం ఆవిడ పని. మధ్యలో ఒక బొమ్మల పుస్తకం కనబడింది. ‘‘ఇది ఇంటికి తీసుకెళ్ళి రేపిచ్చేస్తా పెద్దమ్మా’’ అన్నాను.

‘‘అమ్మో, ఇంకేమన్నా ఉందా! పోతే నా జీతంలో కోస్తారే తల్లీ’’ అంది.

ఎంత పిసినారి పెద్దమ్మ అనుకున్నాను. బుట్టెడు రసాలు ముందు పెట్టి తినమనే మనిషి, ఒక్క పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఇలా అయిపోయిందేమిటని ఒళ్ళుమండింది కూడా. ఈ మధ్య ఒక నవల కోసం మన గ్రంథాలయాల చరిత్ర చదువుతూంటే ఆ తాళంచెవి మళ్ళీ కళ్ళముందు కొచ్చింది.

పుస్తకాన్ని కట్టిపడేయడం మా పెద్దమ్మతో మొదలైంది కాదు సుమండీ. మధ్యయుగాల్లో యూరపులో పుస్తకాలకి నిజంగానే ఇనప గొలుసులు వేసి బల్లలకి బిగించేవారు. ఇంగ్లండులో హెర్‌ఫోర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గ్రంథాలయం ఒకటి ఇప్పటికీ ఉంది. చేత్తో రాసిన ప్రతి కదా, పోతే మళ్ళీ రాయడానికి నెలలు పట్టేది. వాళ్ళ భయానికి ఓ అర్థముంది. అచ్చుయంత్రం వచ్చి వందలాది ఏళ్ళు గడిచాక కూడా ఆ భయం వదలకపోవడమే చిత్రం.

చిత్రమైన సంగతి ఇంకోటుంది. ఈ భయాన్ని వదిలించడానికి నడుం కట్టినవాళ్ళు మా అమ్మమ్మ ఊరికి బస్సులో గంట దూరంలోనే ఉండేవారు. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా చేరి సభ చేసి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. సభకి అధ్యక్షుడెవరనుకున్నారు? చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్నప్పట్నుంచీ రేచీకటితో అవస్థపడ్డ మనిషి. దీపం పెట్టేవేళకి పుస్తకం మూసేయక తప్పనివాడికి కాక మరెవరికి తెలుస్తుంది దాని విలువ?

దీని వెనక నిలబడి నడిపించినాయన అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. ఉద్యోగం లేదు, అధికారం లేదు, ఊరూరా తిరగడం మాత్రం తెలుసు. తెల్లవాళ్ళ సర్కారు పుస్తకాలివ్వదని తెలిసి, జనమే చందాలేసుకుని పెట్టుకోవాలన్నాడు. పెట్టుకున్నారు కూడా. అటు బరోడాలో సయాజీరావు గాయక్వాడ్ మహారాజు 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే ఆయన్ని పిలిపించి రాజ్యమంతటా గ్రంథాలయాలు పెట్టించాడు. అక్కడ మహారాజు ఖజానా, ఇక్కడ రైతు చందా. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికీ పూనుకున్నది అయ్యంకివారే. ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి కదా, మన పిల్లలంతా నెహ్రూగారి పుట్టినరోజని మిఠాయి తిని ఊరుకుంటారు. ఆ తేదీకి ఈ మద్రాసు కథ కూడా ఉందని ఏ మాస్టారూ చెప్పినట్టు నాకైతే గుర్తులేదు. అయ్యంకివారికి ‘పద్మశ్రీ’ 1972లో వచ్చింది. అప్పటికాయనకి ఎనభై దాటాయి.

పాతూరి నాగభూషణంగారు ఇంకో అడుగు ముందుకేశారు. 1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. బస్సుల్లేని రోజులు, ప్రయాణమంటే పడవే. ఎక్కినవాళ్ళు చదువుకుంటూ పోయేవారు, ఒడ్డునున్న ఊళ్ళకీ పుస్తకాలందేవి. పడవకి తాళం ఎలా వేస్తారు చెప్పండి!

ఇంత జరిగిన గడ్డ మీద, యాభై అరవై ఏళ్ళ తర్వాత, బళ్ళో బీరువాకి తాళం ఎందుకు పడింది? నా మనసుని తొలిచింది ఈ ప్రశ్నే.

దీనికి సగం జవాబు రంగనాథన్‌గారి కథలో దొరికింది. ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వెళ్ళాడు. వెళ్ళిన కొద్దిరోజులకే ఆ ఒంటరి కొలువు భరించలేక, నన్ను నా పాఠాలకి పంపేయండి బాబూ అని మొరపెట్టుకున్నాడట. ముందు లండన్ వెళ్ళి ఈ విద్య నేర్చుకుని రా, అప్పటికీ నచ్చకపోతే చూద్దామన్నారు. వెళ్ళాడు. అక్కడి గ్రంథాలయాలు చూసి మనిషి మారిపోయాడు. పుస్తకం కాపలా కోసం కాదు, వాడకం కోసం అన్నది ఆయన మొదటి సూత్రం. తిరిగొచ్చి బీరువాల దగ్గరికి పాఠకులనే నేరుగా పంపించాడు. అయిదు సూత్రాలూ పుస్తకంగా వచ్చింది 1931లో. నేర్పితే కాపలాదారు లైబ్రేరియన్ అవుతాడన్నమాట. నేర్పకపోతే? మా పెద్దమ్మలా కొంగుకి ముడేసుకుంటుంది.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి కాస్త చెప్పాలి. న్యూయార్కులో మెల్విల్ డ్యూయీ 1887లో లైబ్రేరియన్లకి బడి తెరిచాడు. మొదటి ఇరవై మందిలో పదిహేడుగురు ఆడపిల్లలే. ఆడవాళ్ళని చేర్చుకున్నందుకు కొలంబియా కాలేజీ పెద్దలకి కోపమొచ్చి తరగతి గదులివ్వమన్నారు. ఆయన ఓ సామాన్ల గది దులుపుకుని పాఠం మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత అమెరికాలో ఈ ఉద్యోగం ఆడవాళ్ళదే అయింది. తక్కువ జీతానికి వస్తారని కూడా తీసుకున్నారనుకోండి. అది ఏ దేశంలోనైనా ఉన్న భాగోతమే.

ఆ డ్యూయీయే 1876లో పుస్తకాలకి అంకెల పద్ధతి పెట్టాడు. ఇది నాకు మా తాతయ్య పాకలో కాయలు వేరుచేయడంలా అనిపిస్తుంది. రసాలొక వైపు, కోతకాయలొక వైపు, పచ్చడి కాయలు ఇంకో వైపు. ఎవరొచ్చి ఏది అడిగినా చెయ్యి చాపితే అందాలి. కాకపోతే డ్యూయీకి పక్షపాతం జాస్తి. ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి 829 దాకా పది గదులిచ్చి, తెలుగుని 894.827 అంటూ మెట్ల కింద సర్దేశాడు. నా నవలలన్నీ ఆ మెట్ల కిందే కాపురముంటున్నాయి!

సగం జవాబన్నాను కదా. మిగతా సగం 1953 నాటి నివేదికలో ఉంది. హైస్కూలు చదువుల మీద డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన వేసిన సంఘం, స్కూలు లైబ్రరీల గురించి మొహమాటం లేకుండా రాసింది. చాలా బళ్ళలో లైబ్రరీ అనదగ్గదే లేదనీ, ఉన్నవి పిల్లలకి పనికిరాని పాత పుస్తకాలనీ, వాటిని చూసేది ఎవరో గుమాస్తానో, ఆసక్తి లేని ఉపాధ్యాయుడో అనీ తేల్చింది. శిక్షణ పొందిన లైబ్రేరియన్ ఉండాలంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మా పెద్దమ్మ బీరువా ఆ నివేదికకి బొమ్మ గీసినట్టుంది.

మరి డబ్బు లేకనా అంటే, ఈసారి మీ ఇంటిపన్ను రశీదు తీసి చూడండి. లైబ్రరీ సెస్సు అని ఓ పద్దు కనిపిస్తుంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఆ సెస్సు ఇప్పుడు రూపాయికి ఎనిమిది పైసలు. అయితే అది జిల్లా గ్రంథాలయ సంస్థకి, ఊళ్ళోని శాఖా గ్రంథాలయాలకి. బడి బీరువా దాని లెక్కలోకి రాదు. అలా పన్ను కట్టే పెద్దవాళ్ళకి చట్టమొకటి దొరికింది, పిల్లలకి మాత్రం తెలుగు టీచరు కొంగు దొరికింది.

పెద్దమ్మ కథ అక్కడితో ఆగలేదు. రెండేళ్ళ తర్వాత, నలభై దాటిన వయసులో, విజయవాడ వెళ్ళి లైబ్రరీ సైన్సులో సర్టిఫికెట్ కోర్సు చేసింది. మా పెదనాన్న ‘‘ఇప్పుడెందుకే, ప్రమోషనిస్తారా?’’ అని నవ్వారు. ఇవ్వలేదు. జీతం పైసా పెరగలేదు. కానీ తిరిగొచ్చాక హెడ్మాస్టరుగారిని బతిమాలి బీరువాని వరండాలోకి లాగించింది. తరగతికి ఇద్దరు పిల్లల్ని పెట్టి పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం వాళ్ళకే అప్పజెప్పింది. శనివారం ఆఖరి పీరియడు కథల పీరియడయింది. ఒకళ్ళు చదవడం, తక్కినవాళ్ళు వినడం. మామిడికాయ కోతలప్పుడు పిల్లలు తోటల్లో పనికి పోతారని, ఆ రోజుల్లో గడువు వారం నుంచి నెలకి పెంచింది. ఏ కోర్సులోనూ లేని సూత్రమది, సొంత బుర్రలోంచి పుట్టింది. పుస్తకాలు రసం మరకలతో తిరిగొచ్చేవి. తుడిచి అరలో పెట్టుకునేది.

ఆవిడ రిటైరైన రోజు నేనక్కడే ఉన్నాను. కొత్త ఇన్‌చార్జికి రిజిస్టరు ముందు పెట్టి ఒక్కొక్కటే లెక్క అప్పజెప్పింది. పదకొండు పుస్తకాలు తేలలేదు. అందులో నాలుగు ఎవరిళ్ళల్లో ఉన్నాయో ఆవిడకి తెలుసు. చెప్పలేదు. వాటి ఖరీదు పర్సులోంచి తీసి కట్టేసి, రశీదు మడిచి కొంగుకి ముడేసుకుంది.

బస్టాపు దాకా నడుస్తూ ‘‘ఆ నాలుగూ అడిగి తెప్పించొచ్చుగా పెద్దమ్మా’’ అన్నాను.

‘‘ఒకడింకా చదువుతున్నాడే, సగంలో ఉన్నాడట’’ అంది.